తట్ట మోస్తే ఆడపని, బండెక్కితే మగపని

ప్రతి మార్చి 8కీ మా ఊళ్ళో ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతారు. "మగవాళ్ళకి దీటుగా జేసీబీలు నడుపుతున్న మహిళ" అని మైకులో పరిచయం చేస్తారు. నేను జేసీబీ నడపను, జేసీబీలు అద్దెకి తిప్పుతాను. ఆ సంగతి వేదిక మీద చెబితే బాగోదని నవ్వి ఊరుకుంటాను. అదే మనుషుల దగ్గరికి మార్చి 31న పాత బాకీ కోసం వెళితే "సారుని ఓసారి రమ్మనండమ్మా, కూర్చుని మాట్లాడుకుంటాం" అంటారు. సారంటే మా ఆయన. హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషి. బకెట్ పిన్నేదో బుష్ ఏదో ఆయనకి తెలీదు. క్లాసులో ఉండగా "సార్, రేపు పొద్దున్న ఆరింటికి బండి కావాలి" అని ఫోన్లొస్తాయి. "మా ఆవిడకి చెయ్యండి" అని పెట్టేసి బోర్డువైపు తిరుగుతారాయన.

మాది రాజాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు ఇల్లు కదలకుండానే శ్రీకాకుళం జిల్లా వాళ్ళం విజయనగరం జిల్లా వాళ్ళమైపోయాం. నాన్నకి సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే షాపుండేది. ఇనప షీట్లు, జాకీలు, సరుగుడు బాదులు, కాంక్రీటు కలిపే మిల్లరు ఒకటి, రెండు వైబ్రేటర్లు. నేను బీకాం చదివే రోజుల్లో సాయంత్రం పూట పద్దు పుస్తకం నా చేతికొచ్చింది. ఎన్ని షీట్లు వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఎన్నిటిని సిమెంటు గోకకుండా తెచ్చి పడేశారు, ఎన్ని సొట్టపోయాయి. మేస్త్రీలకి నేనంటే పడేది కాదు. నాన్న "పోనీలేమ్మా" అనేవారు. నేను అనేదాన్ని కాదు. చదువయ్యాక శ్రీకాకుళంలో ఒక ఎర్త్ మూవర్స్ ఆఫీసులో లెక్కలు రాశాను. పెళ్ళయ్యాక ఒక పాత బ్యాకో లోడర్ కొన్నాను. కంపెనీ ఏదైనా మనందరం జేసీబీ అనే పిలుస్తాం కదా, అదే. ఇప్పుడు యార్డులో అలాంటివి మూడు, లోతుగా తవ్వే పెద్ద ప్రొక్లెయిన్ ఒకటి, రెండు టిప్పర్లు ఉన్నాయి. పెద్ద వ్యాపారమేం కాదు. వాయిదాలు కట్టి, ఆపరేటర్లకి జీతం, బత్తా ఇచ్చాక ఇల్లు గడిచేంత.

ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట "ఇది ఆడవాళ్ళు చేసే పని కాదమ్మా" అన్నది. ఆ మాటకి నా జవాబు ఇక్కడ కొంచెం పొడుగ్గా చెబుతాను, ఎదురుగా ఉన్నప్పుడు ఎవరూ అంతసేపు వినరు గనక.

ఈ రెండు జిల్లాల్లో మట్టిపని ఆడవాళ్ళది కాదని ఎవరూ ఎన్నడూ అనలేదు. చెరువు పూడిక తీసినా, కాలవ గట్టు వేసినా, రోడ్డు పక్క గోతులు కప్పినా, మగవాడు గునపంతో తవ్వేవాడు, ఆడది తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది. తవ్వేవాడు మధ్యలో బీడీ కాల్చుకునేవాడు, మోసేదానికి ఆ వీలుండేది కాదు. 2005లో ఉపాధి హామీ చట్టం తెచ్చినప్పుడు పనిలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళుండాలని రాసుకున్నారు. మా వైపు ఏ చెరువు పనికైనా వెళ్ళి చూడండి, మూడో వంతు కోటా మగవాళ్ళకే పెట్టాల్సిందేమో అనిపిస్తుంది. ఇక్కడ పని దొరక్కపోతే విజయవాడ, హైదరాబాదు, చెన్నై వెళ్ళి అక్కడా ఇదే పని. 2014 జూన్ 28న చెన్నై పక్కన మౌలివాక్కంలో పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. పోయినవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్ళిన కూలీలు ఎంతోమంది. మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళిన ఇళ్ళు అవి. నిర్మాణ రంగానికి ఆడవాళ్ళు పనికిరారని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

అదే మట్టి. అదే గొయ్యి. తట్ట పోయి సీటూ స్టీరింగూ లివర్లూ రాగానే అది మగపని అయిపోయింది. బలం కావాలంటారు. మట్టి నింపిన తట్టని ఎండలో గట్టు మీదికి మోయడానికి కావలసిన బలం ముందు లివరు లాగడం ఏపాటి? బలమంతా హైడ్రాలిక్ పంపుది, ఆయిలుది. మనిషి పెట్టాల్సింది వేళ్ళు, కళ్ళు, కాస్త ఓర్పు. జేసీబీ కంపెనీ వాళ్ళ జైపూర్ ఫ్యాక్టరీలో ఆడపిల్లలు షాప్ ఫ్లోర్ మీద నిలబడి యంత్రాలు బిగిస్తున్నారు. బిగించడానికి పనికొచ్చిన చేతులు నడపడానికి పనికిరావట.

సరే, యంత్రం సంగతి పక్కన పెడదాం. అద్దె వ్యాపారంలో మేం అమ్ముకునేది గంటలు. కూరగాయల దుకాణానికి తక్కెడ ఎలాగో మాకు అవర్ మీటర్ అలాగ. ఇంజన్ తిరిగినంతసేపూ అది తిరుగుతుంది. దాని చివరి అంకె నిమిషాలు కాదు, గంటలో పదో వంతు. అంటే ఒక్కో అంకె ఆరు నిమిషాలు. ఈ చిన్న సంగతి దగ్గర జరిగే తగాదాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది.

సంతకవిటి అవతల ఒక లేఅవుట్ పని. పొద్దున్న రీడింగ్ 4127.8, సాయంత్రం 4135.1. తేడా 7.3. అక్కడి సూపర్‌వైజరు కుర్రాడు లాగ్ షీట్ మీద "7 గంటల 30 నిమిషాలు" అని రాసి సంతకం పెట్టేశాడు. నేను స్కూటీ దిగి చూసి కొట్టేయించాను. 7 గంటల 18 నిమిషాలు. నాకు పన్నెండు నిమిషాలు ఎక్కువ రాశాడతను. "మీకే నష్టం కదా మేడమ్" అని తెల్లబోయాడు. నష్టమే. కానీ అతను మర్నాడు 0.9 ని తొమ్మిది నిమిషాలనుకుంటే? ముప్పావుగంట గాల్లో కలిసిపోతుంది. అందుకే మీటరు చదవడం రెండు వైపులా నేర్పించుకోవాలి. ఆ తర్వాత ఆ సైటులో గంటల మీద పేచీ రాలేదు.

గంటలు తేలినా తేలాల్సినవి ఇంకా బోలెడు. యార్డు నుంచి సైటుకి రోడ్డు మీద నడిచిన గంట ఎవరిది? డీజిల్ మీదా, మాదా? ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆపరేటరు ఫోన్ మాట్లాడుకుంటే ఆ సమయం ఎవరి ఖాతా? ప్రొక్లెయిన్ గొలుసు మీద నడిచే బండి, దాన్ని ట్రైలర్ మీద తేవాలి, ఆ బాడుగ ఎవరిస్తారు? రాయి తగిలితే బకెట్ తీసి, దాన్ని పగలగొట్టే బ్రేకర్ తగిలించాలి, బ్రేకర్‌కి రేటు వేరు, ఎందుకంటే అది బండి ఒంట్లోని పిన్నుల్నీ పైపుల్నీ కూడా తినేస్తుంది. ఇవన్నీ పని మొదలవక ముందు రెండు నిమిషాల్లో మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోరు. "మనలో మనకి అవన్నీ ఏటండీ, ఆఖర్న చూసుకుందాం" అంటారు. ఆఖర్న అంటే సాయంత్రం, దాబాలోనో, లాడ్జి గదిలోనో, బాటిల్ పెట్టిన బల్ల ముందు.

ఈ రంగంలో ఆడదానికి అడ్డం నిలబడేది ఆ బల్లే, యంత్రం కాదు. ఆ బల్ల దగ్గర మూడు విషయాలు తేలతాయి: బిల్లులో ఎంత కోత, డబ్బు ఎప్పుడు, వచ్చే పని ఎవరికి. నేను అక్కడ ఉండను, ఉండలేను, ఉండాలని లేదు కూడా. ఒకసారి మా తమ్ముడు నా తరఫున వెళ్ళాడు. పది శాతం తగ్గించి, తలనొప్పి తెచ్చుకుని వచ్చాడు. మర్నాడు ఆ కాంట్రాక్టరు "మీ తమ్ముడు మంచోడండీ" అని ఫోన్ చేశాడు. ఎందుకవ్వడు!

దీన్నే మావాళ్ళు "నమ్మకం మీద నడిచే వ్యాపారం" అంటారు. గొప్పగా చెప్పుకుంటారు. ఎవరి నమ్మకం? కలిసి తాగినవాళ్ళదీ, ఒకే కులం వాళ్ళదీ, ఒకే పార్టీ జెండా మోసినవాళ్ళదీ. వాళ్ళలో లేనివాడికి ఆ నమ్మకంలో వాటా లేదు. ఆడదనే కాదు, ఇచ్ఛాపురం నుంచి కొత్తగా వచ్చి బండి పెట్టుకున్న కుర్రాడికైనా ఇదే గతి. రేటు కాగితం మీద ఉంటే, రోజూ మీటరు ఫోటో వాట్సాప్‌లో ఉంటే, లాగ్ షీట్ మీద ఏ రోజు సంతకం ఆ రోజు ఉంటే, ఆ సాయంత్రం బల్ల దగ్గర తేల్చడానికి ఏమీ మిగలదు. నన్ను "కాగితాలమ్మ" అంటారు మా వైపు. అననీండి.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఒకటుంది. నాలాంటివాళ్ళలో నూటికి తొంభైమంది దాని పేరు కూడా వినలేదనుకుంటాను. ఉద్యమ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకి రాసుకున్న గడువులోగా డబ్బివ్వాలి, ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఏదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఆ చట్టం చాలాకాలం గోడ మీద క్యాలెండర్‌లా వేలాడింది. 2023లో ఆదాయపు పన్ను చట్టం 43బి సెక్షన్‌కి ఒక క్లాజు చేర్చాక కదిలింది: గడువు దాటిన చిన్న సంస్థల బిల్లుని డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. 2024 మార్చిలో మొట్టమొదటిసారి కంపెనీల అకౌంటెంట్లే నాకు ఫోన్ చేసి "మేడమ్, మీ బిల్లేదో క్లియర్ చేసేద్దాం" అన్నారు. సార్ని రమ్మనలేదు. ఆడిటరు భయం ముందు ఆడా మగా తేడా ఉండదు. కొందరు మాత్రం "ఆ ఉద్యమ్ నంబరు బిల్లు మీద వెయ్యకండి, లేకపోతే వేరే బండి చూసుకుంటాం" అన్నారు. చూసుకున్నారు కూడా.

కాగితమే సర్వస్వం అనడం లేదు. నా వాదానికి నా అనుభవమే అడ్డం తగిలిన సందర్భం ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్టు నిలబడ్డ తోట లేదు, జీడిమామిళ్ళు వేళ్ళతో సహా పడుకున్నాయి. రోడ్ల మీద చెట్లు, చెట్ల మీద కరెంటు స్తంభాలు. అప్పుడు ఎవరు ఫోన్ చేసినా బండి పంపాను. రేటు లేదు, కాగితం లేదు, సిగ్నల్ ఉంటే అదే పదివేలు. ఆపరేటర్లు కేబిన్లోనే నిద్రపోయారు. ఏ ఊళ్ళో ఎన్ని గంటలు తిరిగిందో మా ఆపరేటరు ఒక పాత పంచాంగం అట్ట మీద పెన్సిల్‌తో రాసుకొచ్చాడు. ఊళ్ళవాళ్ళు వాళ్ళకే గూడు లేని రోజుల్లో మావాళ్ళకి గంజి కాచి పోశారు, చందాలేసుకుని డీజిల్ పోయించారు. తర్వాత నెలల మీద, జీడిపిక్కలు లేకపోయినా, ఆ అట్ట మీది లెక్కంతా ఊళ్ళ నుంచి వచ్చేసింది. రానిది ఒక ఆఫీసు నుంచి. లెటర్‌హెడ్ మీద అడిగి, సీలు వేసి తీసుకున్న గంటలు అవి. ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరిగిందో నేనూ అన్ని బల్లలు తిరిగాను.

అప్పట్నుంచీ నాకు ఒకటి అర్థమైంది. రైతు దగ్గర మాట చాలు. పొలం గట్టు వేయించుకున్నవాడు "కోతలయ్యాక ఇస్తానమ్మా" అంటే ఇస్తాడు, ఎందుకంటే వచ్చే వేసవిలో చెరువు మట్టి తోలుకోవడానికి మళ్ళీ నా దగ్గరికే రావాలి, వారం వారం సంతలో నా మొహం చూడాలి. కాగితం కావాల్సింది పై మెట్టు మీద ఉన్నవాడి దగ్గర. 2023లో మూలపేట పోర్టుకీ, భోగాపురం విమానాశ్రయానికీ శంకుస్థాపనలయ్యాక మన వైపు బండ్లకి గిరాకీ పెరిగింది, మంచిదే. పెద్ద పని ఎక్కడ జరిగినా అసలు కంపెనీకీ బండి ఓనరుకీ మధ్య ఒక సబ్ కాంట్రాక్టరు, వాడి కింద ఇంకొకడు, వాడి కింద వాడి బావమరిది. ఆ మెట్లన్నీ దిగి డబ్బు కిందికి వచ్చేసరికి ఏరువాక వచ్చేస్తుంది. వానల్లో బండి యార్డులోనే నిలబడుతుంది, వాయిదా మాత్రం నిలబడదు.

వాయిదా అంటే గుర్తొచ్చింది. మన వైపు తిరిగే బండ్ల అద్దాల మీద పేర్లు చదవండి. పైడితల్లి, కోటదుర్గ, నీలమణి దుర్గ, నూకాలమ్మ, కింద చిన్న అక్షరాల్లో కూతుళ్ళ పేర్లు. ఇంకా ముందుకెళ్ళి ఆర్‌సీలు తీసి చూడండి, చాలావాటి మీద భార్యల పేర్లే. ఫైనాన్సు వాళ్ళ రికార్డుల్లో ఆడ ఓనర్లని లెక్కపెడితే స్త్రీ సాధికారతలో మనల్ని మించినవాళ్ళు లేరనుకోవాలి. వాళ్ళలో ఎంతమందికి తమ బండి ఈ పూట ఏ ఊళ్ళో ఉందో తెలుసు? సంతకం పెట్టడానికి పిలుస్తారు, వాయిదా తప్పితే నోటీసు మాత్రం ఆవిడ పేరు మీదే వస్తుంది. ఈ కాగితపు ఓనర్ల మూలాన నాలాంటిదానికి ఇంకో తలనొప్పి. 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది, ఆడవాళ్ళు కొత్తగా పెట్టే వ్యాపారానికి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు అన్నారు. రెండో బండికి దాని సంగతి అడగడానికి వెళితే మేనేజరు గారు నా లాగ్ పుస్తకాలన్నీ తిరగేసి, చివరికి "నిజం చెప్పండమ్మా, వ్యాపారం ఎవరు చూసుకుంటారు?" అన్నారు. ఆయన్నీ తప్పు పట్టలేను. నా ముందు వచ్చిన వాళ్ళందరి వెనకా ఒక మగమనిషి స్కూటర్ మీద బయట ఎదురుచూస్తూ ఉండే ఉంటాడు. ఇప్పుడైతే అప్పు ఇంకా పెద్దది కావాలి. 2025 జనవరి నుంచి కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాక బండి ధర మళ్ళీ పెరిగింది. అద్దె రేటు ఆ స్పీడులో పెరగలేదు.

మరుగుదొడ్ల గురించి ఒక్క మాట అని వదిలేస్తాను. సైటుకి వెళ్ళే రోజు నేను పొద్దున్నుంచి నీళ్ళు తాగను. తట్ట మోసే ఆడవాళ్ళకి రోజూ అదే. ఇంతకన్నా చెప్పడానికేం లేదు, కట్టడానికి ఒక పూట పని.

ఇక నడపడం సంగతి. వంగర వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఐటీఐ చదివింది, డ్రైవింగ్ లైసెన్సు ఉంది. ఆపరేటరు కావాలంది. ఈ పనికి కేంద్రం కింద ఒక స్కిల్ కౌన్సిలే ఉంది, బ్యాకో లోడర్ ఆపరేటర్ అని కోర్సూ ఉంది. మా దగ్గర మాత్రం అందరూ నేర్చుకున్న దారి హెల్పర్‌గా చేరడమే. ఆ అమ్మాయీ అలాగే చేరింది. పొద్దున్నే ప్రతి పిన్నుకీ గ్రీజు కొట్టడం, రేడియేటర్ నీళ్ళు, ఆయిల్ మట్టం చూడడం, హోస్ పైపులు తడిమి ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూడడం. మా పాత ఆపరేటరు మొదట గునిశాడు, తర్వాత యార్డులోనే లెవెలింగ్ నేర్పించాడు. ఇంజన్ ఊరికే తిప్పే అలవాటు ఆమెకి లేదు, లీటరుకి పని ఎక్కువ వస్తోంది. ఇది మగా ఆడా తేడా అనను, కొత్తగా నేర్చుకున్నవాళ్ళ భయం కావచ్చు.

మొదటి పని ఒక రైతు పొలంలో గట్లు సరిచెయ్యడం. ముందే ఫోన్ చేసి చెప్పాను, అమ్మాయి వస్తోందని. "గట్టు తిన్నగా వస్తే నాకు సాలు. నడిపింది గుంటైతే నాకేటి, గుంటడైతే నాకేటి" అన్నాడాయన. గుంటంటే మా వైపు ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. గట్టు తిన్నగానే వచ్చింది.

రెండోది ఒక సబ్ కాంట్రాక్టరు సైటు. రేట్ల కాగితం మీద సంతకం పెట్టిన మనిషే, బండి దిగుతున్న అమ్మాయిని చూసి నాకు ఫోన్ చేశాడు. "ఆడపిల్లండీ, రేపేదైనా అయితే మాకు బాధ్యత. మగోణ్ణి పంపండి." అదే సైటులో ఇసక తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు బండి పక్క నుంచే నడుస్తున్నారు, అమ్మాయి పంపిన ఫోటోలో కనబడుతున్నారు. వాళ్ళ బాధ్యత ఎవరిదండీ అని అడిగాను. "ఆళ్ళు కూలోళ్ళు కదండీ" అన్నాడు, అందులో అడగడానికేముంది అన్నట్టు.

వేరే ఆపరేటర్ని పంపలేదు. బండి వెనక్కి తెప్పించి, రానుపోను గంటలూ, కాగితం మీద రాసుకున్న మినిమం గంటలూ కలిపి బిల్లు పంపాను, ఉద్యమ్ నంబరు వేసి. అమ్మాయి ఇప్పుడు రేగిడి వైపు పొలాల్లో పని చేస్తోంది. బిల్లు డబ్బు ఇంకా రాలేదు. వచ్చే వారానికి 45 రోజులు నిండుతాయి.